పని తీరిన యవయవము

గర్భాశయమునకు సంస్కృతమున గల పేరే దాని పనిని చెప్పుచున్నది. గర్భమునకు ఆశయము, అనగా ఉనికిపట్టు. తెలుగువారు దానిని గర్భసంచి యనిరి. ఈ రెండు పేర్లలోను లోపల పెరుగు బిడ్డ ప్రసక్తి కలదే కాని, ఆ యవయవము ఎవరి శరీరమునందున్నదో ఆమె ప్రసక్తి లేదు. పేరును బట్టి తత్త్వమును నిర్ణయించుట తార్కికులు మెచ్చని పని యని మేమెరుగుదుము. అయినను మన జిల్లాలలో నొక మాట తరచుగా వినవచ్చుచుండును. "పిల్లలు పుట్టిరి, పిల్లలు కాకుండ ఆపరేషనును అయినది, ఇక ఆ సంచితో నీకేమి పని?" సరుకు దిగిన పిదప సంచిని మూలకు విసరివేయుట లోకసహజము. దానికి సంచి యని పేరు పెట్టినప్పుడే సగము తీర్పు జరిగిపోయినది.

ఒక యవయవము సంతానమునకై చేయు పని ముగిసినప్పుడు, అది ఆ స్త్రీకై చేయు పని యేమైన మిగిలియున్నదా? ఉన్నయెడల దాని విలువను నిర్ణయింపవలసినవారెవరు? ఈ ప్రశ్న వైద్యులకే సంబంధించినదని కొందరు తలంతురు. మేమట్లు తలంపము. ఏ పద్ధతిని కోసిన ఏమగునో వైద్యశాస్త్రము చెప్పగలదు. ఆ కలిగెడి లాభనష్టములలో ఏది యెంత బరువైనదో చెప్పుట శాస్త్రము పని కాదు. అది ధర్మవిచారము.

ముందుగా లెక్కలు చూతము. 2015–16 సంవత్సరములలో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఈ ప్రశ్న అడుగబడినది. పదునైదు మొదలు నలుబదితొమ్మిది యేండ్లలోపు స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. దేశమున మొదటి రెండు స్థానములును తెలుగు రాష్ట్రములవే. 2019–21 నాటి అయిదవ సర్వేలోను ఈ స్థితి మారలేదు. ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. పట్టణములలో కంటె పల్లెలలోను, చదివినవారిలో కంటె చదువనివారిలోను ఇవి అధికము. నీరు వేరు, గాలి వేరు కాని పొరుగు రాష్ట్రములలో లేని వ్యాధి మన స్త్రీల గర్భమునకు మాత్రమే వచ్చినదని నమ్ముట కష్టము.

మేమీ వ్యాసమును వ్రాయుచున్నది హైదరాబాదు పడమటి కొసనున్న కొండాపూరులో. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి రాళ్ళగుట్టలు కరగి అద్దాల మేడలైన ప్రాంతమిది. మాధాపూరు మొదలు గచ్చిబౌలి వరకు ఆసుపత్రులును అట్లే వెలసినవి. రోబో చేయి పట్టుకొని శస్త్రచికిత్స చేయుదుమను ప్రకటనలు కూడలులలో మనలను పలుకరించుచుండును. ఇచ్చటినుండి ముంబాయి రహదారిని పట్టి పడమరగా పోయినచో రెండు గంటలలోపల మునిపల్లి మండలము చేరుదుము. నాడది మెదకు జిల్లాలోనిది, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. డాక్టరు కామేశ్వరియు, డాక్టరు ప్రకాశ్ వింజమూరియు ఆ ప్రాంతపు పల్లెలలో తిరిగి, ముప్పది యేండ్లు నిండకమునుపే గర్భసంచి పోగొట్టుకొన్న స్త్రీలను గూర్చి 2009 ప్రాంతమున వెల్లడించిన విషయములు నాడు కలకలము పుట్టించినవి. తెల్లబట్ట, నడుమునొప్పి, "సంచికి పుండు" – ఇట్టివి చూపి, తీయించుకొనకున్న కాన్సరగునని చెప్పి ఒప్పించినట్లు స్త్రీలు చెప్పిరి. 2007లో నారంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద ఈ శస్త్రచికిత్సలు పెచ్చుపెరిగినవను విమర్శ రాగా, ప్రభుత్వము పిమ్మట వానిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితము చేసినది. ఒకే రహదారి యొక కొసను రోబో, రెండవ కొసను ఈ పుండు.

మగవాడవు, బడిపంతులవు, నీకీ ప్రసంగమెందుకని కొందరు పాఠకులకు తోచవచ్చును. దానికి మా సమాధానము సులభము. ఆసుపత్రిలో ఒప్పందపు కాగితముమీద తరచుగా సంతకము చేయుచున్నది మగవాడే. సంతకము చేయుటకు లేని సంకోచము తెలిసికొనుటకు మాత్రము కలుగనేల? పోనిండు, ఇది సంస్కర్తలకును గల సంకోచమే. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరి యాస్థానమున ముద్దుపళని రాధికాసాంత్వనము రచించినది. స్త్రీ తన సుఖమును తానే చెప్పుకొనుటను వీరేశలింగము పంతులుగారు సహింపలేకపోయిరి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యమును ప్రకటింపగా దొరతనమువారు నిషేధించిరి. ఆ నిషేధము తొలగుటకు స్వరాజ్యమువచ్చు దినములు కావలసివచ్చినది. వితంతువునకు వివాహము గూర్చిన మహాపురుషునకే స్త్రీ సుఖమును గూర్చి వినుట కష్టమైనప్పుడు, పది నిమిషములలో రోగిని పంపివేయు డాక్టరు ఆ మాట నడుగకుండుట వింత కాదు. కాని మన ప్రాచీనులందరు నిట్లు ముడుచుకొన్నవారు కారు. స్త్రీకి పురుషునివలె సుఖానుభవము కలదా యను ప్రశ్నను వాత్స్యాయనుడు పూర్వపక్షములతోగూడ చర్చించి, కలదనియే సిద్ధాంతము చేసినాడు. కామము పురుషార్థములలో నొకటి యని వల్లించుచు, దానిలో స్త్రీకి పాలు లేదనుట అర్ధజరతీయ న్యాయము.

ఇక శాస్త్రము చెప్పునది. గర్భాశయమునకు ముందు మూత్రాశయమును, వెనుక మలాశయమును ఆనుకొనియుండును. గర్భాశయపు క్రింది భాగమును కంఠమందురు. ఆ కంఠమును కటిభాగమునకు బిగించి నిలుపు బంధనముల ప్రక్కగా మూత్రాశయమునకు, యోనికి పోవు నరముల అల్లిక కలదు. కంఠమును తీయవలెనన్న మూత్రాశయమును క్రిందికి ఒలిచి, ఆ బంధనములను కోయవలెను. కంఠము నుంచివేసినచో నరములు దెబ్బతినవు, సుఖమునకును మూత్రపు నిగ్రహమునకును హాని యుండదని యొక వాదము పుట్టినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో చీము పట్టునను భయముచేత కంఠమును విడిచిపెట్టుటయే సామాన్యాచారము. తరువాత కంఠమునకు కాన్సరు వచ్చునను భయముచేత మొత్తముగా తీయుట మొదలైనది. 1983లో ఫిన్లాండు దేశపు కిల్కూ అను వైద్యుడు, కంఠము మిగిలినవారికే దాంపత్యసుఖము మెరుగుగా నిలిచినదని ప్రకటింపగా, తిరిగి పాత పద్ధతి వైపు గాలి వీచినది.

ఈ తగవు తీర్చుటకు చేసిన ప్రయత్నము మెచ్చదగినది. లండనులో 279 మంది స్త్రీలను, చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు పొట్ట కోసి మొత్తముగాను, రెండవ జట్టునకు కంఠము మిగిల్చియు తీసిరి. ఒక సంవత్సరము గడచినను మూత్రమునందుగాని, మలవిసర్జనయందుగాని, సంభోగమునందుగాని జట్ల నడుమ భేదము కానరాలేదు. కంఠము మిగిలినవారిలో నూటికి 6.8 మందికి నెలనెలా కొంచెము రక్తము కనబడుచునే యుండెను. ఇది 2002లో అచ్చయినది. డెన్మార్కులో 319 మందిపై చేసిన ఇట్టి పరీక్షయే మరుసటి సంవత్సరము అచ్చుకాగా ఫలము తలక్రిందులైనది. కంఠము తీసినవారిలో నూటికి 9 మందికి, ఉంచినవారిలో 18 మందికి మూత్రము జారు బాధ యుండెను! నరములు మిగిలినవారికే బాధ యెక్కువ. ఎంత సొంపైన సిద్ధాంతమైనను చీట్ల పరీక్షకు నిలువనిచో దానిని పట్టుకొని వ్రేలాడరాదు.

హాలండు దేశమున 413 మంది స్త్రీలను విచారించిన ఫలితమును అదే 2003లో ప్రకటించిరి. యోనిమార్గమున తీసినను, పొట్ట కోసి సగము తీసినను, మొత్తము తీసినను, ఆరు నెలల పిదప వారి దాంపత్యసుఖము మునుపటికంటె మెరుగైనదని తేలినది. పద్ధతిని బట్టి భేదము లేదు. అయితే ప్రతి జట్టులోను నూటికి నలుబదిమందికి అటునిటుగా ఏదో యొక బాధ యుండనే యుండెను. యోని యెండుటయో, కోరిక సన్నగిల్లుటయో, స్పర్శ మందగించుటయో. అమెరికాలోని మేరీలాండులో 1,101 మందిని విచారించి 1999లో ప్రకటించిన గ్రంథమును మెరుగనియే చెప్పినది.

యంత్రముల మాటయు నొక్కింత చెప్పవలెను. బొడ్డువద్ద చిన్న రంధ్రములు చేసి దుర్భిణితో చూచుచు గర్భాశయమును తీయుట 1988లో అమెరికాలో హారీ రీచ్ అను వైద్యుడు ప్రారంభించినాడు. కోత చిన్నది, లేచి తిరుగుట శీఘ్రము. కాని పొట్ట కోయుటతో పోల్చినచో మూత్రనాళములకు గాయమగు నపాయము కొంత హెచ్చు. రోబో వచ్చిన పిదప అమెరికాలో 2,64,758 మంది స్త్రీల దాఖలాలు పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్కలో చిక్కులు నూటికి 5.5, రోబో లేనిచో 5.3. అనగా సమానము. ఖర్చు మాత్రము ఒక్కొక్కరికి 2,189 డాలర్లు హెచ్చు. యోనిమార్గమున తీయుట వీలైనచోట దానినే మేలైన మార్గముగా పలు పరిశీలనలు చెప్పుచున్నవి. దానికి ప్రకటన ఫలకము అక్కరలేదు, అందుచేతనే కాబోలు మాకు కనబడలేదు.

ఒక్క భేదము మాత్రము నిశ్చయమైనది. అది గర్భాశయమును గూర్చినది కాదు, దాని ప్రక్కనుండు అండాశయములను గూర్చినది. ముట్లుడుగక ముందే వానిని తీసివేసినచో స్త్రీ యొక్క రాత్రిలో వృద్ధురాలగును. ఒంటి ఆవిరులు, యోని యెండుట, కోరిక తగ్గుట, ఎముకల బలము తరుగుట. ఉంచినను కొందరికి ముట్లుడుగు లక్షణములు ముందుగనే వచ్చుచున్నవి. గర్భాశయపు రక్తనాళములనుండి అండాశయములకును కొంత రక్తము పోవుచుండుటయే దీనికి కారణమని యూహింతురు. "సంచితోపాటు రెండు ప్రక్కల ఉన్నవియు తీసివేసితిమి, ఇక బెంగ లేదు" అను మాటలో ఎంత బెంగ దాగియున్నదో!

ఇచ్చట మా వాదమునకు కీలకము కలదు. పడమటి దేశముల స్త్రీలకు సుఖము మెరుగైనదన్నారు కదా, మన స్త్రీలకు మాత్రమేల కీడగునని యొకరు అడుగవచ్చును. ఆ మెరుగెక్కడినుండి వచ్చినదో చూడవలెను. ఆ స్త్రీలు సామాన్యముగా నలుబదుల వయసువారు. యేండ్ల తరబడి రక్తస్రావముతోను, కంతులతోను, నొప్పితోను బాధపడినవారు. నెలలో సగము దినములు రక్తము పోవుచుండగా ఎవరికి సంభోగమున సుఖముండును? గడ్డ మూత్రాశయమును నొక్కుచుండగా ఎవరు మూత్రము నాపుకొనగలరు? వ్యాధి పోయినది, దానివెంట వచ్చిన కష్టమును పోయినది. అది గర్భాశయము పోవుటవలన కలిగిన సుఖము కాదు, రోగము పోవుటవలన కలిగినది. ఇరువదెనిమిదేండ్ల యువతికి తెల్లబట్ట మాత్రమే యున్నదనుకొనుడు. అది మందుబిళ్ళలతో పోవు జాడ్యము. కంఠముమీది ఎఱ్ఱదనము పెక్కుచోట్ల జాడ్యమే కాదు. ఆమెకు పోవుటకు రోగము లేదు కావున రావలసిన సుఖమును లేదు. మిగిలినది కత్తివలని యపాయము మాత్రమే. లండను లెక్కను తెచ్చి ఆమె ముందు పెట్టుట, జ్వరము తగ్గించిన మందు జ్వరము లేనివానికి ఇంకెంత మేలు చేయునో యనుటవంటిది.

మఱి యొక లెక్కయు కలదు. స్వీడను దేశమున 1973 మొదలు 2003 వరకు గర్భాశయము తీయించుకొన్న 1,65,260 మందిని, తీయించుకొనని 4,79,506 మందితో పోల్చిరి. దగ్గినను తుమ్మినను మూత్రము జారు బాధకు మరల శస్త్రచికిత్స చేయించుకొనవలసిన గతి మొదటివారికి 2.4 రెట్లు అధికము. ఏ పద్ధతిని తీసినను అంతే. ఇట్టి లెక్కలలో ఇతర కారణములు కలగలియుండునను ఆక్షేపణను మేము త్రోసిపుచ్చము. అయినను పద్ధతులను గూర్చి తగవులాడు పండితులకు ఇదియొక హెచ్చరిక. ఎట్లు తీయవలెనను ప్రశ్నకంటె తీయవలయునా యను ప్రశ్న పెద్దది.

మా బడిలో చదువు నొక బాలుని తల్లి ఈ కొండాపూరులోనే మేడలలో పనిచేసి జీవించునది. పని మానుకొన్నదని తెలిసి మా గృహిణి కారణమడిగినది. బకెట్టు ఎత్తినప్పుడెల్ల చీర తడియుచున్నదట. ఇరువదితొమ్మిదవ యేట ఊరిదగ్గరి పట్టణమున గర్భసంచి తీసిరట. "ఆపరేషనైనకాడి నుంచి గిట్లనే అయితుందమ్మా. ఎవలకని చెప్పాలె? ఇంటాయనకు సుత చెప్పలే" అన్నదట. మఱి యొక మాటయు చెప్పినదట గాని, దానిని మా గృహిణి మాకు సగమే చెప్పినది. ఆ శస్త్రచికిత్సయే ఈ బాధకు కారణమని మేమనజాలము. కాన్పులవలననో, బరువులవలననో కూడ కావచ్చును. కాని ఆమెను శస్త్రచికిత్సకు ముందుగాని, తరువాతగాని ఈ ప్రశ్న అడిగిన మనుష్యుడు లేడు. లండనులోను హాలండులోను శాస్త్రజ్ఞులు ముందు అడిగిరి, తరువాత అడిగిరి, రెంటికిని గల భేదమును వ్రాసికొనిరి. అడుగుటయే వారి పరికరము. మన నాట కత్తి వచ్చినది, దుర్భిణి వచ్చినది, రోబో వచ్చినది. ఆ పరికరము మాత్రము దిగుమతి కాలేదు.

"స్త్రీలే వచ్చి తీయుమని అడుగుచున్నారు, మేమేమి చేయుదుము?" అని కొందరు వైద్యులందురు. ఇది అబద్ధము కాదు. కూలికి పోవు స్త్రీకి నెలకు నాలుగు దినములు కూలి పోవును. మరుగుదొడ్డి లేనిచోట రక్తస్రావమొక శిక్ష. మైల యని దూరముంచు ఇండ్లు ఇంకను కలవు. ఈ కష్టములనుండి విముక్తి కోరుట తప్పా? తప్పు కాదు. కాని మేమడుగునది వేరు. ఆమె ముందు పెట్టిన మార్గములెన్ని? రక్తస్రావమును తగ్గించు మాత్రలు కలవు. గర్భాశయములోపల అమర్చి అయిదేండ్లు మందును విడుదలచేయు సాధనము కలదు. పొరను మాత్రము కాల్చివేయు చికిత్స కలదు. కంతిని మాత్రము తీసి గర్భాశయమును నిలుపవచ్చును. ఇవి యేవియు చెప్పక, ఒక్క ద్వారము తెరచియుంచి, ఆమె ఆ ద్వారముననే పోయినదనుట ఆమె యిచ్ఛ యెట్లగును? నిజముగా రోగమున్నవారికి, కాన్సరు వచ్చినవారికి ఇది ప్రాణదానమని మేము పూర్తిగా నొప్పుకొందుము. వారికి భయము పుట్టించుట మా యుద్దేశము కాదు. తెలిసి కోరుకొన్న స్త్రీని నలుగురు కలసి నిలుపుటయు మఱియొక దౌర్జన్యమే యగును.

న్యాయస్థానములు ఈ విషయమున మనకంటె ముందున్నవి. ఢిల్లీలో నలుబదినాలుగేండ్ల అవివాహిత యొకతె పరీక్షకని మత్తు పుచ్చుకొనగా, బయటనున్న తల్లిని అడిగి ఆమె గర్భాశయమును, అండాశయములను తీసివేసిరి. తల్లి సమ్మతి రోగి సమ్మతి కాదనియు, ప్రాణాపాయము లేనప్పుడు ఆమె మేల్కొనువరకు ఆగవలసినదేననియు 2008 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. పరిహారము 25,000 రూపాయలు. మొత్తము స్వల్పమైనను సూత్రము స్వల్పము కాదు. తల్లి సమ్మతియే చెల్లనప్పుడు మగని సమ్మతి ఏ శాస్త్రమున చెల్లును? అనవసరముగా గర్భాశయములు తీయుటను గూర్చి 2013లో వేసిన వ్యాజ్యముమీద, కేంద్రారోగ్యశాఖవారు 2022లో వ్రాసిన మార్గదర్శకములను రాష్ట్రములన్నియు మూడు నెలలలో స్వీకరింపవలెనని 2023 ఏప్రిల్ 5వ తేదీన అదే న్యాయస్థానము ఆజ్ఞాపించినది. జిల్లా మొదలు కేంద్రము వరకు పర్యవేక్షణ సంఘములు ఉండవలెనని ఆ మార్గదర్శకములు చెప్పుచున్నవి.

సంఘములు లెక్క పెట్టునది తీసిన గర్భాశయములను. తీసిన పిదప ఆ స్త్రీ యెట్లున్నదను లెక్క వేరు. అది ఆసుపత్రి దాఖలాలో దొరకదు, ఇంటికి పోయి అడుగవలెను. దీనికి కొత్త కొలువు సృష్టింప నక్కరలేదు. ఆశా కార్యకర్త మునిపల్లి పల్లెలలోను, ఈ మేడల వెనుకనున్న బస్తీలలోను ఇంటింటికి వచ్చుచునే యున్నది. గర్భిణుల పేర్లు, పిల్లల టీకాలు, పెద్దల రక్తపోటు వ్రాసికొనుచున్నది. ఆమె పుస్తకములో మఱి రెండు గడులు గీయవచ్చును. గర్భసంచి తీసిన ఆరు నెలలకొకసారి, ఏడాదికొకసారి, మగవారు లేని వేళ చూచి అడుగవలసిన ప్రశ్నలు రెండే. దగ్గినప్పుడు బట్ట తడియుచున్నదా? మగనితో నున్నప్పుడు నీకు మునుపటివలె నున్నదా?